ఈశాన్య వానలకు ఇంటి తోట: తిరుపతి మిద్దె మీద, పలమనేరు పెరట్లో ఏం పెట్టాలి?

మిద్దెమొక్క (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో రెండో అంతస్తు పైన 20 అడుగులు, 30 అడుగుల ఖాళీ మిద్దె ఉంది. చుట్టూ మూడడుగుల పిట్టగోడ, ఎండ పూర్తిగా పడుతుంది. బోరు నీళ్ళు, బకెట్లకు తెల్ల పొర కడుతుంది. 12 అంగుళాల గ్రో బ్యాగులు కొనాలనుకుంటున్నా. యూట్యూబులో అందరూ జూన్‌లో విత్తమంటారు. మనకు గట్టి వాన దీపావళికి అటూ ఇటూ కదా. ఏ నెలలో ఏం పెట్టాలి, మట్టి ఏ పాళ్ళలో కలపాలి, ఎన్ని బ్యాగులు పెట్టొచ్చు? ఇంకోటి, పలమనేరులో మా అక్కావాళ్ళకు పెరట్లో నేల ఉంది. చల్లటి ఊరు కాబట్టి అక్కడికి వేరే మొక్కలు చెప్పగలరా?

స్వర్ణముఖి (తిరుపతి)

మీ అనుమానం సరైనదే తమ్ముడూ. హైదరాబాదు క్యాలెండరు మనకు సరిపోదు. నైరుతిలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు పడేవి విడివిడి వానలు, మధ్యలో ఎండ గట్టిగానే కాస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి వారాలే అసలు వానాకాలం. 2021 నవంబరులో తిరుపతి మునిగింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. రెండూ ఈ కాలంలోనివే. కాబట్టి ఏ మొక్క పెట్టినా ఒక్క ప్రశ్న వేసుకోవాలి: అక్టోబరు నడిమికి ఇది ఏ వయసులో ఉంటుంది? వేరు పట్టుకున్న మొక్క మూడు రోజుల ముసురును తట్టుకుంటుంది. రెండాకుల నారు తట్టుకోదు.

దీన్నిబట్టి పంటను మూడు విడతలు చేసుకోండి. జూలై, ఆగస్టుల్లో తీగజాతులు, చిక్కుడు, వంగ, మిరప, బెండ. వాన నెలల్లో నీళ్ళంటే భయం లేని ఆకుకూరలు: బచ్చలి, పొన్నగంటి, నేలలో ఉంటే చేమ. నవంబరు ఆఖరి నుంచి చలికాలపు పంటలు: టమాటా, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కొత్తిమీర, మెంతి.

ఇప్పుడు మట్టి. కొలత తట్టతో, బరువుతో కాదు. ఎర్రమట్టి 4 తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు 3, ముతక ఇసుక 2, కడిగిన కొబ్బరిపొట్టు 1. ఇసుక దొరక్కపోతే వరి ఊక వేయొచ్చు, కానీ అది ఏడాదిలో కుళ్ళి మట్టి అణిగిపోతుంది. బ్యాగుకు రెండు గుప్పిళ్ళ వేపపిండి కలపండి. చాలామంది కొబ్బరిపొట్టు సగానికి సగం పోస్తారు. మే నెలకు అది మేలే, నవంబరులో మాత్రం రోజుల తరబడి ఆరదు, వేరుకు గాలి అందదు. మన ఎర్రమట్టి ఒక్కటే పోసినా చిక్కే. వాన దెబ్బకు పైన అట్ట కడుతుంది, నీళ్ళు పైనే నిలుస్తాయి.

కలిపాక పరీక్ష చేయండి. ఒక బ్యాగు నింపి పూర్తిగా తడిపి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు రెండు లీటర్లు ఒకేసారి పోయండి. నిమిషం లోపల అడుగునుంచి ధార మొదలవ్వాలి, పైన గుంటలా నిలవకూడదు. నిలిస్తే ఇంకో తట్ట ఇసుక కలిపి మళ్ళీ చూడండి. మొక్క పెట్టాక సరిచేసే వీలు లేదు గనుక ఈ పని ముందే తేల్చుకోవాలి.

బ్యాగు అడుగున బొక్కలు ఉన్నా చాలవు. పక్కలకు, అడుగు నుంచి ఒక అంగుళం ఎత్తులో, పెన్సిలు లావున ఆరేడు బొక్కలు కాల్చి పెట్టండి. అడుగు బొక్కలు మిద్దెకు ఆనుకుని మూసుకుపోతాయి, పక్కవి మూసుకుపోవు.

స్లాబులెక్క (చిత్తూరు)

ఎన్ని బ్యాగులన్నది మొక్కల ప్రశ్న కాదు, స్లాబు ప్రశ్న. మనుషులు తిరిగే మిద్దెకు ఐ.ఎస్. 875 (కట్టడాల మీద పడే బరువుల భారత ప్రమాణం) రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు లెక్కిస్తారు, అంటే దాదాపు 150 కిలోలు. మెట్లు లేని, ఎవరూ ఎక్కని కప్పుకు 0.75 మాత్రమే. 12 అంగుళాల బ్యాగు మొత్తం నిండితే 22 లీటర్లు. రెండంగుళాలు వెలితిగా నింపితే 18 లీటర్లు. తడి మట్టి లీటరు కిలోన్నర వేసుకుంటే ఒక బ్యాగు 27, 28 కిలోలు. ఒకదానికొకటి ఆనించి పెడితే చదరపు మీటరుకు తొమ్మిదో పదో పడతాయి, 250 కిలోలు దాటుతుంది. వాన తడి లేని రోజు బరువు చూసి ధైర్యపడొద్దు.

మనుషులు తిరగడానికి కొంత వదిలిపెట్టి చదరపు మీటరుకు మూడు బ్యాగులు అనుకోండి. మీ జాగా 55 చదరపు మీటర్లకు పైనే, నడక దారులు పోను 100 లోపల ఆగండి. బరువైనవి, అంటే నిమ్మ, జామ డ్రమ్ములు, నీళ్ళ డ్రమ్ము, అడుగున గోడ లేదా దూలం ఉన్న చోటనే పెట్టండి. స్లాబు నడిమధ్యలో వద్దు. ఇటుకలతో తొట్టి కట్టి ఎనిమిదంగుళాల మట్టి పరిచే ఆలోచన ఉంటే మానుకోండి. తడిస్తే అదొక్కటే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. పాత ఇల్లయినా, స్లాబు అడుగున పెచ్చులు ఊడి కమ్మి కనపడుతున్నా, ఇంజనీరుకు చూపించకుండా ఒక్క బ్యాగు కూడా ఎక్కించొద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. బ్యాగులు నేరుగా స్లాబు మీద పెట్టకుండా ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో ఎత్తండి, కింద చీపురు దూరాలి. నీళ్ళు దిగే గొట్టం మూతికి జల్లెడ బిగించండి. ఎర్రమట్టి కొట్టుకొచ్చి గొట్టం పూడిపోతే పిట్టగోడల మధ్య నీళ్ళు నిలుస్తాయి. పది సెంటీమీటర్ల నీళ్ళు నిలిచినా చదరపు మీటరుకు 100 కిలోలు, మీ బ్యాగుల బరువుకు అదనం.

పాతతోట (పాకాల)

స్వర్ణముఖి గారూ, అడుగున రెండంగుళాల కంకర పోస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ చెప్తారు. మీరు ఆ మాటే ఎత్తలేదు?

స్వర్ణముఖి (తిరుపతి)

కావాలనే ఎత్తలేదన్నా. సన్నమట్టి నుంచి ముతక కంకరలోకి నీరు వెంటనే దిగదు. పైన మట్టి పూర్తిగా నిండి బరువెక్కితేనే కిందికి జారుతుంది. దాంతో ఆ తడిపొర అడుగున ఉండాల్సింది కంకర ఎత్తు మేరకు పైకి, అంటే వేరు దగ్గరికి వస్తుంది. పైగా రెండంగుళాల మట్టి పోయింది, బరువూ పెరిగింది. బొక్క మీద మట్టి జారకుండా ఒక పెంకుముక్క, లేదంటే దోమతెర ముక్క చాలు.

నారుమడి (పుత్తూరు)

నారు గురించి ఎవరూ చెప్పలేదు గనుక నేను రాస్తాను. వాన నెలల్లో సగం మొక్కలు నారుకుళ్ళుతోనే పోతాయి. మొలక మెడ దగ్గర నీరుబట్టినట్టు మెత్తబడి, సన్నగిల్లి పక్కకు ఒరిగిపోతుంది. తడి ఎక్కువ, గాలి తక్కువ, విత్తనాలు దగ్గరదగ్గరగా, ఈ మూడూ కలిస్తే వస్తుంది.

టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, అన్నీ 98 గుంతల ట్రేల్లో వేయండి. గుంతకు ఒకే విత్తనం, అర సెంటీమీటరు లోతు. ఇక్కడ మాత్రం మట్టి వద్దు, కడిగిన కొబ్బరిపొట్టు మూడు పాళ్ళు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు. నారుకు పైన కప్పు ఉంటుంది, మనం పోసిన నీరే గనుక పొట్టు ఇబ్బంది పెట్టదు. కప్పు అంటే పచ్చ నెట్ కాదు. నెట్ వానను ఆపదు, చినుకును పెద్దది చేసి కిందికి వదులుతుంది. పారదర్శకమైన పాలిథీన్ షీటు వాలుగా కట్టి, నాలుగు పక్కలా గాలికి తెరిచి ఉంచాలి. నీళ్ళు పొద్దున ఒక్కసారి. సాయంత్రం పోస్తే రాత్రంతా మెడ తడిగా ఉంటుంది.

నారుకుళ్ళును అడ్డుకునే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా. దాన్ని ఇలా వాడండి: మాగిన పశువుల ఎరువు 9 కిలోలు, వేపపిండి 1 కిలో, ట్రైకోడెర్మా విరిడి పొడి 200 గ్రాములు. పిడికిట పట్టుకుంటే ముద్దకట్టేంత తడి చల్లి, నీడలో కుప్ప పోసి, తడి గోనెపట్ట కప్పి వారం పది రోజులు ఉంచితే శిలీంధ్రం కుప్పంతా పాకుతుంది. బ్యాగులో నాటేటప్పుడు గుంతకు రెండు గుప్పిళ్ళు. ఇది వేసిన మట్టిలో కార్బెండాజిమ్ (శిలీంధ్రాలను చంపే మందు) పోయకండి, ట్రైకోడెర్మా కూడా చస్తుంది.

టమాటా నారు 25 రోజులకు నాటడానికి వస్తుంది. తిరుపతిలో నవంబరు మొదటి వారంలో విత్తి, నెలాఖరుకు వాన తెరిపి చూసి నాటండి. నాటేటప్పుడు కింది ఆకులు తీసేసి కాండం రెండంగుళాలు మట్టిలోకి దించితే అక్కడా వేర్లు దిగుతాయి. వంగకు, మిరపకు అలా దించొద్దు. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ నారు పోయకండి, నేరుగా బ్యాగులోనే విత్తాలి. క్యారెట్ వేరు రెండు మూడుగా చీలిందంటే ఒకటి నాటు మార్చి ఉంటారు, లేదా పచ్చి పేడో రాయో తగిలి ఉంటుంది.

కొత్తిమీర మొలవలేదని ప్రతి ఏడాదీ అడుగుతారు. ధనియాలు గింజను రెండు బద్దలుగా నలిపి, ఎనిమిది గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తండి. మొలవడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. అంతలోపే మొలవలేదని తవ్వి చూడొద్దు.

పడమటిగాలి (పలమనేరు)

పలమనేరు సంగతి నేను చెప్తా. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల దగ్గర ఉండాది, పలమనేరు, పుంగనూరు, కుప్పం పక్క 600 మీటర్లు దాటి ఉంటాయి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలు తగ్గుతాదని లెక్క. అందుకని మాకూ మీకూ మూడు డిగ్రీల తేడా ఎప్పుడూ ఉంటాది, రాత్రిళ్ళు ఇంకొంచెం ఎక్కువ. మీకు డిసెంబరు, జనవరిలో మాత్రమే వచ్చే బీన్సు, క్యారెట్, కాలీఫ్లవర్ మాకు ఆగస్టు నుంచే పెట్టొచ్చు.

మీ అక్కగారి పెరటికి ముందు మడులు ఎత్తాల. మూడడుగుల వెడల్పు, ఎనిమిదంగుళాల ఎత్తు, మడికీ మడికీ నడిమి అడుగు కాలవ. కాలవలన్నీ పల్లం వైపు కలవాల, గోడ దగ్గర ఆగిపోకూడదు. మూడడుగులు ఎందుకంటే రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకు అందుతాది, మడి తొక్కే పని ఉండదు. ఎర్రనేల ఒకసారి తడిమీద తొక్కితే ఎండినాక రాయే.

విత్తినాక మడి మీద పలచగా ఎండుగడ్డి పరచాల. చినుకు నేరుగా మట్టిని కొట్టదు, అట్ట కట్టదు, మొలక పైకొస్తాది. చెనక్కాయ పొట్టు మా పక్క బాగా దొరుకుతాది, దాన్నీ పరచొచ్చు. కానీ పచ్చి పొట్టు తెచ్చి కాండం చుట్టూ పోయొద్దు. కాండం కుళ్ళు శిలీంధ్రం చెనక్కాయ పొట్టుతో వస్తాది. మొదట్లో తెల్లటి దారాలు, వాటిమీద ఆవగింజంత గోధుమరంగు గుండ్లు కనపడితే అదే. పొట్టును ఒక వాన కాలం దిబ్బలో మాగబెట్టి వాడుకోండి, అప్పుడూ కాండానికి బెత్తెడు ఎడం.

అనప మాత్రం తప్పక పెట్టమని చెప్పండి. జూలై, ఆగస్టులో కంచె వెంబడి రెండడుగులకు రెండు గింజలు. పగలు పొట్టిగా అయ్యేదాకా పూత రాదు, వచ్చిందంటే డిసెంబరు, జనవరి పొడుగునా కాయ. పితికిపప్పుకు బయట కొనే పని ఉండదు. నీళ్ళు, ఎరువు ఎక్కువ పెడితే తీగ పెరుగుతాది, కాయ కాదు. ఉర్లగడ్డ అక్టోబరు ఆఖర్లో, 40, 50 గ్రాముల ముక్కకు రెండు కళ్ళు ఉండేట్టు కోసి, ఒకరోజు నీడన ఆరబెట్టి, ఎనిమిదంగుళాల ఎడంలో. నెలకు మట్టి ఎగదోయాల, గడ్డకు ఎండ తగిలితే పచ్చబడి తినడానికి పనికిరాదు. మంచు, ముసురు రెండూ కలిసిన వారంలో ఆకు అంచులు నల్లబడతాయేమో రోజూ చూడాల.

బొప్పాయి పెట్టేటట్టయితే మట్టి కుప్ప మీదనే. మొదట్లో ఒకరోజు నీళ్ళు నిలిచినా వేరు కుళ్ళి చెట్టు పడిపోతాది.

కొత్తవిత్తు (కుప్పం)

అన్నా, చల్లటి వాన ప్రాంతాలకని హైడ్రేంజియా, ఫ్యూషియా పూలమొక్కలు చెప్తారు. కుప్పంలో వస్తాయా? తిరుపతిలో మా చెల్లెలు కూడా అడుగుతోంది.

మల్లెపందిరి (చిత్తూరు)

ఫ్యూషియా వదిలేయండి, మన ఏప్రిల్ ఎక్కడా దాటదు. హైడ్రేంజియా కుప్పంలో వస్తుంది, పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు, తర్వాత నీడ ఉండే తూర్పు గోడ పక్కన. మధ్యాహ్నం ఎండ తగిలితే మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోతాయి. పువ్వు నీలం కావాలంటే మట్టి పులుపు ఉండాలి, ఉదజని సూచి (pH) 5.5 దగ్గర. సున్నపు బోరు నీళ్ళకు గులాబీ రంగే వస్తుంది. లీటరుకు 3, 4 గ్రాముల అల్యూమినియం సల్ఫేటు కలిపి నెలకోసారి పోస్తూ, వాన నీళ్ళు వాడితే నీలం వైపు తిరుగుతుంది. కత్తిరింపు పూత అయిన వెంటనే చేయాలి. చలికాలంలో కత్తిరిస్తే ముందే కట్టిన మొగ్గలు పోతాయి.

తిరుపతిలో వాటి జాగాలో ఇవి పెట్టండి. నీడకు కోలియస్, ఫెర్న్, బెగోనియా, తమలపాకు. నీళ్ళు నిలిచే మూలకు మెట్టతామర, అది తడిని ఇష్టపడుతుంది, మే ఎండకూ బెదరదు. పిట్టగోడ మీద వాన లిల్లీ. ఎండలో నందివర్ధనం, మందారం, నూరు వరహాలు.

పూజకు, జడకు పూలు కావాలంటే చామంతి మొదటిది. జూన్, జూలైలో పిలకలు నాటి, నెలకు చివర గిల్లితే పక్క కొమ్మలు వేసి నవంబరు, డిసెంబరులో విరగబూస్తుంది. దీనికి రాత్రి పొడుగు కావాలి. వీధి దీపమో మిద్దె మీది బల్బో రాత్రంతా పడే చోట పెడితే మొగ్గ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రానేరాదు. పది బ్యాగుల్లో రెండే పూయలేదంటే ముందు వెలుతురు చూడండి, ఎరువు కాదు. మట్టి చిట్లి ఆకు మీద పడకుండా ఎండుగడ్డి పరచకపోతే కింది ఆకులు నల్లమచ్చలతో ఎండుతూ పైకి పాకుతాయి.

గుండుమల్లె నవంబరు ఆఖరి వారంలో నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించండి. అప్పటినుంచి కొద్దిరోజులు నీరు తగ్గించి, తర్వాత ఎరువు పెడితే మార్చి నుంచి పూత. వాన కురిసే రోజు కత్తెర పట్టొద్దు. గులాబీకి ఇది ఇంకా ముఖ్యం: తడి కోత నుంచి కొమ్మ పైనుంచి కిందికి ఎండుకొస్తుంది. రెండు రోజులు ఎండ కాసాక కోసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడు ముద్ద పూయండి. గులాబీ నల్లమచ్చ శిలీంధ్రం మొలకెత్తడానికి ఆకు ఏడు గంటలు తడిగా ఉండాలి. వానను ఆపలేం, కాబట్టి కుండీకీ కుండీకీ రెండడుగులు వదిలి గాలి ఆడనివ్వడమే మందు. కనకాంబరం నీళ్ళు నిలిస్తే వాడిపోతుంది. వేరుకు ముడులుంటే నులిపురుగు, ఆ మట్టిలో ఒక విడత బంతి వేసి తర్వాత మళ్ళీ పెట్టుకోవచ్చు.

మిద్దెమొక్క (తిరుపతి)

చాలా ఉపయోగం అందరికీ. వరండాలో ఇప్పుడే ఉన్న కుండీల్లో కరివేపాకు, మిరప పసుపు పచ్చగా అవుతున్నాయి. వానకా, నీళ్ళకా, ఎరువు లేకనా ఎలా తెలుసుకోవాలి?

ఆకుమచ్చ (తిరుపతి)

ఏ ఆకు పసుపు రంగు తిరిగిందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

ముదురు ఆకులు, కిందివి, ఈనెలతో సహా మొత్తం పసుపు అయ్యి రాలితే నత్రజని. గట్టి వానకు అది కరిగి బొక్కల్లోంచి కొట్టుకుపోతుంది. వాన తెరిపి ఇచ్చాక బ్యాగుకు రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు, 30 గ్రాముల వేరుశెనగ చెక్క పొడి మట్టిలో కలపండి. చెక్కను పైన చల్లి వదలొద్దు, బూజు, చీమలు, ఎలుకలు వస్తాయి. వాన ముందు రోజు ఎరువు వేయడం దండగ.

లేత ఆకులు, చివరివి, పసుపు అయ్యి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే ఇనుము లోపం. మీ తెల్ల పొర బోరు నీళ్ళకు కరివేపాకులో వచ్చేది ఎక్కువగా ఇదే. మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నం వల్ల వేరు తీసుకోలేదు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వెంటనే, సాయంత్రం పూట, ఆకుల మీద పిచికారీ. వారానికి ఇంకోసారి. కలిపి రేపటికి ఉంచితే తుప్పు రంగు తిరిగి పనికిరాదు. పొయ్యి బూడిద వేయకండి, అది మట్టిని ఇంకా క్షారం వైపు నెడుతుంది.

మూడోది అసలు ప్రమాదం. మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం నీళ్ళు లేనట్టు వాలిపోయింది. నీటితో నిండిన మట్టిలో వేరుకు ప్రాణవాయువు అందదు, అందకపోతే వేరు నీటినీ పీల్చుకోలేదు. వాలిందని ఇంకో చెంబు పోస్తే అంతే సంగతి. వేలు రెండు కణుపుల లోతు దించి చూశాకే నీళ్ళు. తడి ఉంటే పక్క బొక్కలు పుల్లతో తెరిచి, కుండీని ఇటుక మీద ఒక పక్కకు వాల్చి, రెండు రోజులు నీడలో ఉంచండి.

ఇక తెగుళ్ళు. టమాటా ఆకు మీద గుండ్రంగా వలయాలు వలయాలుగా మచ్చ ఉంటే ముందు కింది ఆకులు అడుగు ఎత్తు వరకు తీసేయండి, తర్వాత మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, లేదంటే కాపర్ ఆక్సీక్లోరైడు 3 గ్రాములు. రెండూ కలపొద్దు. మందు ప్యాకెట్టు మీద రాసిన ఎడం రోజులు గడిచేదాకా కాయ కోయొద్దు, ఆకుకూరల మీద వీటిని చల్లనే వద్దు. తోటకూర ఆకు అడుగున తెల్లటి పొక్కులు వస్తే మందు జోలికి పోకుండా పీకేసి బచ్చలి పెట్టుకోండి. బీర, దోస ఆకు మీద ఈనెల మధ్య నలుపలకల పసుపు మచ్చ, తిప్పి చూస్తే బూడిదరంగు బూజు, అది బూజు తెగులు, ముసురుకే వస్తుంది. తీగ పందిరి మీద పలచగా పాకిస్తే సగం తగ్గుతుంది.

నిమ్మ ఆకుకూ కాయకూ గరుకు పొక్కులు గజ్జి తెగులు. ఆ కొమ్మలు ఎండ రోజున కోసి, ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి. లీటరుకు 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. విడివిడిగా అర లీటరు నీళ్ళలో, ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, తుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి పోయండి, తిరగేసి కాదు. ఇనుప కత్తి ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత పడకూడదు. పడితే ఇంకొంచెం సున్నపు నీళ్ళు. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

పాతతోట (పాకాల)

నత్తలు ఆకులన్నీ తినేస్తున్నాయి. బూడిద చల్లమంటున్నారు.

ఆకుమచ్చ (తిరుపతి)

పొడి బూడిదే అడ్డుతుందన్నా, ఒక చినుకు పడితే దానికి విలువ లేదు. సాయంత్రం తడి గోనెపట్ట పరిచి, కింద క్యాబేజీ ఆకులు గానీ బొప్పాయి తొక్కలు గానీ పెట్టండి. తెల్లారేలోపు అన్నీ అక్కడే చేరతాయి. చేతికి కవరు తొడుక్కుని ఏరి, ఉప్పునీళ్ళ బకెట్లో వేయండి. ఉప్పు మట్టి మీద మాత్రం చల్లొద్దు. బజారులో దొరికే మెటాల్డిహైడు గుళికలు కుక్కలకు, పిల్లలకు విషం, ఇంటి తోటలో వద్దు.

మిద్దెమొక్క (తిరుపతి)

బీర, సొర పూత వచ్చి పిందె రాలిపోతుందని పక్కింటివాళ్ళు అంటారు. వానలో తీగలు పెట్టడం వృథానా?

నారుమడి (పుత్తూరు)

వృథా కాదు, చేత్తో పుప్పొడి అద్దాలి. వానకు పుప్పొడి తడిసి ముద్దవుతుంది, తేనెటీగలూ రావు. పువ్వు తెరుచుకునే వేళ తెలుసుకోండి: కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. బీర సాయంత్రం ఐదు తర్వాత, సొర చీకటి పడే వేళ. మగపువ్వును కోసి రేకులు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిమి మెత్తటి భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకు వస్తుంది. వాన వచ్చేట్టుంటే అద్దాక పువ్వు మీద చిన్న కాగితపు పొట్లం బోర్లించండి. మొదట్లో మగపువ్వులే వస్తాయి, కంగారు పడొద్దు.

పిందె పెరిగి వంకరై, కోస్తే పురుగులు కనపడితే పండుఈగ. మామిడికి కట్టే మిథైల్ యూజినాల్ ఎర దీనికి పనిచేయదు, క్యూల్యూర్ ఎర అడగండి. రాలిన పిందెలు కంపోస్టులో వేయకుండా కవరులో కట్టి ఎండలో పెట్టాలి. తీగలకు 12 అంగుళాల బ్యాగు చాలదు, 18 అంగుళాలది కావాలి. స్లాబులెక్క గారు చెప్పినట్టు అడుగున గోడో దూలమో ఉన్న చోట పెట్టండి, తడిస్తే వంద కిలోలు.

స్లాబులెక్క (చిత్తూరు)

పందిరి గురించి ఒక్క మాట. వాయుగుండం వార్త రాగానే పందిరి మీది పచ్చ నెట్, నారు మీది షీటు విప్పి చుట్టేయండి. గాలికి అవి తెరచాపలై స్తంభాలను పీకేస్తాయి. తీగ వలకు గాలి దూరిపోతుంది, దానికి భయం లేదు. పందిరి కాళ్ళను పిట్టగోడకు కట్టొద్దు, గోడే పగులుతుంది. సిమెంటు పోసిన పెయింటు డబ్బాల్లో నిలబెట్టి, నాలుగు మూలలూ ఐమూలగా తీగతో బిగించండి. నెత్తిన వేలాడదీసిన కుండీలు దించేయాలి, పిట్టగోడ మీద పెట్టినవి కచ్చితంగా. వీధిలో మనుషులు తిరుగుతుంటారు.

స్వర్ణముఖి (తిరుపతి)

కుండీ కింది ప్లేట్లన్నీ అక్టోబరులో తీసి లోపల పెట్టేయండి. నిలిచిన నీళ్ళలో వారం, పది రోజుల్లో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా వస్తుంది. వాన నీళ్ళు పట్టే డ్రమ్ముకు దోమతెర బిగించండి. ఆ నీళ్ళు వదులుకోవద్దు. మీ 600 చదరపు అడుగుల మీద ఒక సెంటీమీటరు వాన పడితే 550 లీటర్లు. మొదటి వాన నీళ్ళు పోనిచ్చి, తర్వాతివి పట్టి, జనవరి, ఫిబ్రవరిల్లో కరివేపాకుకు, నిమ్మకు, గులాబీకి అవే పోయండి. బోరు నీళ్ళు మిగతా వాటికి.

కొత్తవిత్తు (కుప్పం)

పుదీనా, గోంగూర ఎప్పుడు పెట్టాలక్కా? గోంగూర నవంబరులో వేస్తే బెత్తెడు ఎత్తుకే పూత వస్తోంది.

స్వర్ణముఖి (తిరుపతి)

గోంగూరకు పగలు తగ్గితే పూత. దాన్ని ఫిబ్రవరి నుంచి ఆగస్టు లోపల విత్తండి, నవంబరు జాగాలో పాలకూరో మెంతో వేయండి. పుదీనా కట్టలో లావు కాడలు ఏరి, కింది ఆకులు తీసి, రెండు కణుపులు మట్టిలోకి దిగేలా ఏటవాలుగా గుచ్చండి. వెడల్పు తొట్టి, ఆరంగుళాల లోతు చాలు, సగం నీడ. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే నేల మట్టానికి కోసి, కోసిందంతా పారేసి, కొత్త చిగురు రానివ్వండి. వేరే మొక్కలున్న బ్యాగులో మాత్రం గుచ్చొద్దు, ఆరు నెలల్లో బ్యాగంతా దాని వేళ్ళే అవుతాయి.